కొత్త కారు, కొత్త ఊరు: వైజాగ్ రోడ్ల మీద బండి తీయాలంటే టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి

మధురవాడ_కొత్తబండి
అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నా ఉద్యోగం బదిలీ మీద ఈ ఊరొచ్చాం. ఇల్లు మధురవాడలో, ఆఫీసు డాబాగార్డెన్స్‌లో. పోయిన వారమే కారు తీసుకున్నాం. మా ఇంటా వంటా ఇదే మొదటి కారు. చిన్న పెట్రోలు బండి, మాన్యువల్ గేర్లు. లైసెన్సు పెళ్లికి ముందే వచ్చింది గానీ ఆ తర్వాత స్టీరింగ్ పట్టింది లేదు.

మా వైపు రోడ్డంటే కాలువ గట్టు వెంబడి తిన్నగా పోతుంది. ఇక్కడ ఎటు చూసినా అప్పూ డౌనే. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వెనక్కి జారి వెనకాలున్న స్కూటీ మీదికి పోతుందేమోనని భయం. హైవే మీద పక్కనే ట్రైలర్ వస్తే అరచేతులు తడిసిపోతున్నాయి. మావారికి డ్రైవింగ్ రాదు. పక్కన కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటారు, అంతవరకే ఆయన సాయం.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి, ఆఫీసుకి ఎటు నుంచి వెళ్తే నయం, సముద్రపు గాలికి కారు తుప్పు పడుతుందంటున్నారు, అది ఎంతవరకు నిజం? ఇవీ నా సందేహాలు. వీడియోలు చాలా చూశాను, మళ్లీ చూడమనకండి.

ఎంవీపీ_సెక్టార్_వాసి
కంగ్రాట్స్ అండీ. మీ ఇంటికి దగ్గర్లోనే మంచి జాగా ఉంది. ఆదివారం పొద్దున్నే రుషికొండ ఐటీ హిల్స్ వైపు వెళ్లండి. రోడ్లు వెడల్పుగా ఉంటాయి, ఆఫీసులకి సెలవు కాబట్టి ఖాళీ. పైగా అన్నీ ఎత్తుపల్లాలే, మీ భయం ఏదో అక్కడే తేలిపోతుంది. చాలామంది ఆర్కే బీచ్‌లో నేర్చుకోమని సలహా ఇస్తారు, పట్టించుకోకండి. పొద్దున వాకింగ్ వేళ అక్కడ బండ్లని రానివ్వరు, సాయంత్రం జనాన్ని దాటుకుని పోవడమే గగనం.

అప్ మీద ఆగినప్పుడు హాఫ్ క్లచ్ పట్టండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒక చోట ఇంజిన్ శబ్దం మారి బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. అక్కడే కాలు ఆపితే బండి జారదు.

కంచరపాలెం_స్పానర్
మాస్టారూ, మీరు చెప్పింది కదిలే ముందు ఆ ఒక్క క్షణానికి సరిపోతుంది. సిగ్నల్ పడి నిమిషంన్నర ఆగాలంటే హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకూడదు. క్లచ్ ప్లేట్ అరిగి కాలిన వాసన కొడుతుంది. షెడ్డుకి వచ్చే కొత్త బండ్లలో క్లచ్ పోయినవి చూస్తే, సగం ఈ అలవాటు వల్లే.

అమ్మా, ఇలా చేయండి. ఆగగానే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, రెండు కాళ్లూ తీసేయండి. బండి ఎక్కడికీ పోదు. పచ్చ లైటు పడబోతుందనగా క్లచ్ తొక్కి ఫస్ట్ గేర్ వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, ఆయన చెప్పినట్టు శబ్దం మారేదాకా క్లచ్ వదలండి. బండి ముందుకు లాగుతున్నట్టు తెలియగానే హ్యాండ్‌బ్రేక్ దించండి. హ్యాండ్‌బ్రేక్ బటన్ బొటనవేలితో ముందే నొక్కి పట్టుకుంటే చప్పున దిగుతుంది. ఐటీ హిల్స్‌లో ఈ ఒక్క పనే అలుపొచ్చేదాకా చేయండి. ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేసుకోండి, కొంపలేమీ మునగవు.

ఇంకో మాట. ముందు బండికి అంటుకుపోయి ఆగకండి. ముందు కారు వెనక టైర్లు రోడ్డుకి ఆనిన చోటు మీకు కనపడాలి. అంత ఖాళీ ఉంటే ఆ బండి కాస్త జారినా మీకు తగలదు, అది అక్కడే చెడిపోతే మీరు పక్కకి తిప్పుకుని పోవచ్చు.

ఎంవీపీ_సెక్టార్_వాసి
స్పానర్ గారూ, ఒప్పుకుంటా. కానీ ట్రాఫిక్ అంగుళం అంగుళం కదులుతుంటే ప్రతిసారీ హ్యాండ్‌బ్రేక్ ఏం లాగుతాం?

కంచరపాలెం_స్పానర్
అంగుళం కదలడం దేనికి? ముందు బండి రెండు కార్ల దూరం పోయాక ఒకేసారి కదలండి. వెనకవాళ్లు హార్న్ కొడతారు. కొట్టుకోనీయండి, క్లచ్ ప్లేట్ మార్పించే డబ్బులు వాళ్లివ్వరుగా.

గాజువాక_పద్దెనిమిది_చక్రాలు
ట్రైలర్ అంటే భయం అన్నారు కాబట్టి నేను రాస్తున్నాను. స్టీల్ ప్లాంట్ కాయిల్స్, పోర్టు సరుకు తోలి రిటైరైనవాణ్ని. ఆ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి మీ చిన్న కారు ఎలా కనపడుతుందో చెప్తా.

చాలాచోట్ల కనపడదు. అదీ సంగతి. క్యాబిన్‌కి ఆనుకుని ముందున్న నాలుగడుగుల జాగా, ఎడమ తలుపు పక్క జాగా, బండి వెనక జాగా, ఈ మూడూ డ్రైవరుకి చీకటే. మీరు ట్రైలర్ పక్కన పోతున్నప్పుడు దాని సైడ్ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడుతుందా చూడండి. కనపడకపోతే మీరూ అతనికి కనపడనట్టే. అక్కడ నిలబడకుండా గబగబా ముందుకైనా పోండి, వెనక్కైనా తగ్గండి.

ఎడమ వైపు మాత్రం చచ్చినా దూరకండి. పాత గాజువాక జంక్షన్‌లో, షీలానగర్ దగ్గర, కాన్వెంట్ జంక్షన్‌లో ట్రైలర్ ఎడమకి తిరగాలంటే ముందు కుడికి వెళ్లి అప్పుడు తిరుగుతుంది. అంత పొడుగు బండి ఇంకోలా తిరగదు. ఆ కుడికి పోవడం చూసి ఎడమ పక్కన దారి దొరికింది కదా అని కొత్తవాళ్లు దూరుతారు. ముందు క్యాబిన్ తిరుగుతుంది, తర్వాత వెనక చక్రాలు మూల కోసుకుంటూ లోపలికొస్తాయి. అప్పుడు కారు ఫుట్‌పాత్‌కీ చక్రాలకీ మధ్య ఇరుక్కుంటుంది. డ్రైవరుకి అరుపులు వినపడేదాకా తెలియదు.

లోడు మీదున్న బండి మీ కారులాగా ఆగలేదు. దాన్ని దాటి వెంటనే ముందుకొచ్చి బ్రేకు కొట్టకండి. లోపలి అద్దంలో ట్రైలర్ ముందు భాగం మొత్తం కనపడ్డాకే ఎడమకి రండి.

మధురవాడ_కొత్తబండి
మాస్టారూ, మీరు రాసింది మావారికి పైకి చదివి వినిపించాను. ఆయన ఇంకా భయపడ్డారు, నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఒక డౌటు. లారీవాళ్లు కుడి ఇండికేటర్ వేస్తే దాటుకోమని అర్థమా, తామే కుడికి తిరుగుతామనా?

గాజువాక_పద్దెనిమిది_చక్రాలు
మంచి ప్రశ్నమ్మా. రెండూ అవుతాయి, అదే గొడవ. సింగిల్ రోడ్ల మీద పాతకాలం డ్రైవర్లు "ముందు ఖాళీగా ఉంది, దాటుకో" అని కుడి ఇండికేటర్ వేసేవాళ్లు, ఇప్పటికీ వేస్తారు. రూలు ప్రకారం అయితే కుడి ఇండికేటర్ అంటే కుడికి వస్తున్నానని. మీరు రూలే పట్టుకోండి. డివైడర్‌లో యూటర్న్ గ్యాప్ గానీ కుడి పక్క సందు గానీ కనపడితే, వాడు తిరగబోతున్నాడనే లెక్కేసుకుని వెనకే ఉండండి. ముందు రోడ్డు మీ కళ్లతో మీరు చూస్తేనే దాటాలి. ఎవడో ఇచ్చిన సైగని నమ్మి ఎదురు లైనులోకి పోకూడదు.

తిరిగొచ్చిన_పక్షి
లైట్ల గురించి నేనూ చెప్తాను. పన్నెండేళ్లు బయటి దేశంలో నడిపి వచ్చాను. అక్కడ ఎదుటివాడు హెడ్‌లైట్ కొడితే "మీరు వెళ్లండి" అని మర్యాద. ఇక్కడ డిప్పర్ కొట్టాడంటే "నేనొస్తున్నా, ఆగు" అని. ఈ తేడా తెలియక మా తోడల్లుడు సెలవుల్లో వచ్చి ఎండాడ యూటర్న్ దగ్గర థాంక్స్ చెబుతూ చెయ్యూపి బండి తిప్పాడు. ఎదుటి కారు అతని బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది.

ఇక్కడ రోడ్డు మీద ఎవరి హక్కు ఏమిటో వెతుక్కోవడం మానేశాను. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించడం నేర్చుకుంటే మనశ్శాంతి. ఆటో వెనక పోతున్నారా? ఫుట్‌పాత్ మీద ఎవరైనా చెయ్యెత్తారేమో చూడండి. ఎత్తితే ఆటో అక్కడే ఆగుతుంది, ఇండికేటర్ ఉండదు. ఆర్టీసీ బస్సు ఆగి ఉందా? దాని ముందు నుంచి మనిషి రోడ్డు దాటుతాడని అనుకోండి. పదిలో తొమ్మిదిసార్లు ఎవరూ రారు. ఆ పదోసారి కోసమే కాలు బ్రేకు మీద ఉంచాలి.

ద్వారకానగర్_నాలుగో_లైను
ఆఫీసు దారి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మధురవాడ నుంచి హైవే పట్టుకుంటే కార్‌షెడ్, ఎండాడ, హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం. అక్కణ్నుంచి గురుద్వారా దాకా హైవే మీదే వచ్చి, డైమండ్ పార్క్ వైపు దిగి, ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా ఆసీల్‌మెట్ట చేరండి, అక్కడికి డాబాగార్డెన్స్ దగ్గరే. కొంచెం చుట్టు అనిపించినా రోడ్లు వెడల్పు, మలుపులు తక్కువ. బీచ్ రోడ్డు అందంగా ఉంటుంది కానీ ఆఫీసుకి పనికిరాదు. చివర్లో ఎలాగూ ఊళ్లోకి ఎక్కాలి, ఆ ఎక్కే రోడ్లన్నీ నిటారే.

తొమ్మిదింటికి బయల్దేరితే హనుమంతవాక దగ్గర అడవివరం నుంచి వచ్చేవాళ్లూ మీరూ కలుస్తారు. ఓ అరగంట ముందు బయల్దేరండి. ఒక మాట కచ్చితంగా చెప్తాను: మొదటి కొన్ని వారాలు ఆఫీసుకి బస్సులోనే వెళ్లండి. కారు పొద్దున్నే, సెలవు రోజుల్లో తీయండి. డాబాగార్డెన్స్‌లో ఆఫీసుకి సొంత పార్కింగ్ లేకపోతే, నడపడం వచ్చినా పెట్టడానికి చోటుండదు. జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపైతే పండగల ముందు నడిచే జాగా కూడా ఉండదు.

ఎంవీపీ_సెక్టార్_వాసి
ఎన్ఏడీ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. ఎయిర్‌పోర్టుకి వెళ్లాలంటే తప్పదు కదా.

ద్వారకానగర్_నాలుగో_లైను
ఎన్ఏడీ ఫ్లైఓవర్ మొదటిసారి అందర్నీ తికమక పెడుతుంది. పైన ఒక రోటరీ, దాని మీదికీ కిందికీ ర్యాంపులు. ఎయిర్‌పోర్టు, గాజువాక ఒక వైపు, గోపాలపట్నం, పెందుర్తి ఇంకో వైపు, మర్రిపాలెం వేరే. బోర్డులు ఉన్నాయి. బోర్డు కనపడగానే లైను పట్టుకోవాలి, ర్యాంపు మొదట్లోకి వచ్చాక కాదు. తప్పు ర్యాంపు ఎక్కారా, ఆ దారినే ముందుకు పోయి దిగి, తర్వాత వచ్చే యూటర్న్‌లో తిరిగి రండి. ర్యాంపు మీద ఆగి రివర్స్ చేసేవాళ్లని అక్కడ చూస్తూనే ఉంటాం, వెనక బస్సు వస్తుందని కూడా ఉండదు వాళ్లకి. ఫ్లైట్‌కి వెళ్లేవాళ్లు ముందురోజు ఒకసారి ఖాళీ టైములో తిరిగి చూసుకుంటే సరిపోతుంది.

అనకాపల్లి అవతలికి పోయే పని ఉంటే మీకు ఊళ్లోకే రానక్కర్లేదు. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరసల బైపాస్ ఉంది, మధురవాడ వాళ్లకి అదే దగ్గర. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి.

లాసన్స్‌బే_మూడో_అంతస్తు
తుప్పు నిజమా అన్నారు. నిజం. మా బాల్కనీ గ్రిల్ చూస్తే మీకే తెలుస్తుంది. గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది, అది తేమతో కలిసి ఇనుము మీద కూర్చుంటుంది. ఇప్పటి కార్ల పైభాగానికి పెయింటు గట్టిగానే ఉంటుంది కాబట్టి తుప్పు కంటికి కనపడని చోట మొదలవుతుంది. బండి కింది భాగం, సైలెన్సర్, సస్పెన్షన్ బోల్టులు, తలుపు కింది అంచు, బ్యాటరీ టెర్మినల్స్. ముందు గ్రిల్ వెనకాల ఏసీ కండెన్సర్ ఉంటుంది, పల్చటి అల్యూమినియం రేకులు, వాటినీ ఉప్పు తింటుంది.

మధురవాడలో ఉంటే మీకు మా అంత బాధ లేదు. బీచ్‌కి వెళ్లొచ్చాక మామూలు నీళ్లతో కింది నుంచి బాగా కొట్టించండి, చక్రాల లోపలి వైపు కూడా. తలుపు అడుగున చిన్న చిన్న నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, వేలితో తడిమితే తగులుతాయి. వాటిలో ఇసుక పూడుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఈ రంధ్రాలు శుభ్రం చేయమని కడిగేవాళ్లకి మనమే చెప్పాలి.

కంచరపాలెం_స్పానర్
దీనికో తోక. మా వైపు, జ్ఞానాపురం వైపు ఉప్పు కంటే పోర్టు దుమ్ము ఎక్కువ. బొగ్గు, ఇనుప ఖనిజం నుసి. పొద్దున చూస్తే బానెట్ మీద నల్లగా పొర ఉంటుంది. దాన్ని పొడి గుడ్డతో తుడిచారంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఎండలో చూస్తే గుండ్రంగా సన్న గీతలు కనపడతాయి. ముందు నీళ్లు పోసి దుమ్ము జారిపోయాకే గుడ్డ పెట్టాలి. అద్దం మీద దుమ్ముంటే వైపర్ కూడా నీళ్లు లేకుండా పొడిగా వేయకండి.

లెక్కల_మనిషి
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా కలిపే ఇస్తారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. "మూడేళ్ల పాలసీ" అని పెద్దక్షరాలతో ఉంటుంది, అందరూ మూడేళ్లు నిశ్చింత అనుకుంటారు. మన కారుకి జరిగే నష్టానికి ఇచ్చే భాగం మామూలుగా ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు అది రెన్యూ చేయకపోతే, మీ వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి కంపెనీ కడుతుంది, మీ కారుకి మాత్రం రూపాయి రాదు.

ఈ ఊళ్లో అది ఎందుకు ముఖ్యమంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు, హోర్డింగులు మీద పడి నలిగిన కార్లు వీధివీధినా ఉన్నాయి. ఉత్త థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకి ఏమీ రాలేదు. తుపాను, వరద సొంత నష్టం భాగంలోకే వస్తాయి.

ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు కూడా తీసుకోండి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలికి నీళ్లు పీల్చి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీలో దానికి సాధారణంగా ఇవ్వరు, అది మీరు చేసుకున్న నష్టం అంటారు. ఇంకా, షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న రూలేమీ లేదు. మా బావమరిదికి ఒక షోరూమ్‌లో "మా దగ్గర తీసుకోకపోతే డెలివరీ లేటవుతుంది" అన్నారట. రాతపూర్వకంగా ఇవ్వమంటే ఆ మాట మళ్లీ రాలేదు.

ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్ డిజిలాకర్‌లో పెట్టుకోండి, పోలీసులు ఆపినా అది చెల్లుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త బండికి మొదటి ఏడాది అడగరు, తర్వాత తీసుకోవాలి.

మధురవాడ_కొత్తబండి
అయ్యబాబోయ్, మాదీ "మూడేళ్లది" అనే అనుకుంటున్నాం. ఇప్పుడే పాలసీ తీసి చూశాను. మీరన్నట్టే సొంత నష్టానికి ఏడాదే ఉంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టాను.

ఇంకోటి. మా మావగారు ఊరి నుంచి ఫోన్ చేసి బంపర్‌కి ముందు ఇనప గార్డు పెట్టించమంటున్నారు, ఆవులూ గేదెలూ అడ్డొస్తాయని. పెట్టించనా?

కంచరపాలెం_స్పానర్
వద్దు తల్లీ. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంది. రూలు పక్కన పెట్టినా, కారు ముందు భాగం నలిగి దెబ్బని మింగేలా తయారు చేస్తారు, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి. గార్డు పెడితే దెబ్బ తిన్నగా ఛాసిస్‌కి పోతుంది, ఎయిర్‌బ్యాగ్ రావాల్సిన టైముకి రాకపోవచ్చు. ఎదుటి మనిషికి తగిలితే ఇంకా ఘోరం. మావగారికి "షోరూమ్ వాళ్లు వారంటీ పోతుందన్నారు" అని చెప్పండి. పెద్దవాళ్లు రూలు వినరు, వారంటీ అంటే వింటారు.

ఆవులంటారా, రాత్రిపూట అవి రోడ్డు మధ్యలో పడుకుంటాయి, డివైడర్ పక్కన వేడిగా ఉంటుందని. ఊళ్లో రాత్రి నలభై దాటకండి, అంతకు మించి మందు లేదు.

ఉక్కునగరం_సెక్టార్_8
అన్నీ చెప్పారు, పూజ ఎక్కడో చెప్పలేదు 😀 వైజాగ్‌లో కొత్త బండి కొని సంపత్ వినాయకుడికి చూపించకపోతే ఆర్టీఏ వాళ్లు నంబరు ఇచ్చినా ఊరు ఒప్పుకోదు.

మధురవాడ_కొత్తబండి
అది అయిపోయిందండీ, షోరూమ్ డ్రైవరే తీసుకెళ్లాడు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు మాత్రం స్టీరింగ్ నా చేతికిచ్చారు. చుట్టూ జనం. ఒక్క అడుగు ముందుకు కదపడానికి రెండుసార్లు ఇంజిన్ ఆపేశాను. పంతులుగారు పాపం మంత్రం ఆపి ఎదురుచూశారు.

ద్వారకానగర్_నాలుగో_లైను
ఇంకా చూడబోయేవాళ్లకి చెప్తున్నా. ఆసీల్‌మెట్టలో గుడి రోడ్డుకి ఆనుకునే ఉంటుంది, వెనక ట్రాఫిక్ ఆగదు. డెలివరీ రోజున కొత్త డ్రైవరు తనే నడుపుకుంటూ అక్కడికి వెళ్లకపోవడం మంచిది. ఈవిడ చేసిందే కరెక్టు. నిమ్మకాయల తర్వాత ఆ దండ స్టీరింగ్‌కి గానీ అద్దానికి గానీ అడ్డం లేకుండా చూసుకోండి. ముందు అద్దానికి వేలాడే దేవుడి బొమ్మలు కూడా చిన్నవి పెట్టండి, మలుపులో ఎదురు మనిషి ఆ బొమ్మ వెనకే దాక్కుంటాడు.

కొమ్మాది_కుర్రాడు
అక్కా, నెక్స్ట్ వీకెండ్ అరకు కొట్టేయండి, నాలుగైదు ఘాట్ మలుపులు తిరిగితే డ్రైవింగ్ అదే వచ్చేస్తుంది!!

గాజువాక_పద్దెనిమిది_చక్రాలు
తమ్ముడూ, నేర్పేవాడివైతే పక్కన కూర్చో, లేకపోతే ఇలాంటివి రాయకు.

అమ్మా, మొదటి నెలల్లో అరకు వెళ్లాలనిపిస్తే కిరండూల్ రైలెక్కండి. సొరంగాలు చూసుకుంటూ పోవచ్చు, పిల్లలకీ సరదా. తర్వాత ఎప్పుడైనా కారులో వెళ్తే శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు దాదాపు అదే గేరు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లున్నారు. గేరులో ఉంటే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకుల మీదే. బ్రేకులు వేడెక్కి మాడు వాసన వస్తుంది, తర్వాత తొక్కినా పట్టు దొరకదు. ఆ వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకి ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి.

తాళం తీసి ఇంజిన్ ఆపి దించడం ఇంకా మూర్ఖత్వం. పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కుళ్లకి రాయిలా అయిపోతుంది.

మలుపులో హార్న్ కొట్టండి, మీ లైను దాటకండి. ఎదురుగా ఎక్కేవాడికి దారివ్వడం దిగేవాడి పని. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. మీకు అప్ అంటే ఎలా ఉంటుందో మీరే మొదట రాశారు కదా, వాడికీ అంతే. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే పొగమంచు, లంబసింగి వైపు మరీను. మంచులో బ్రైట్ లైటు వేస్తే తెల్ల గోడ కనపడుతుంది, రోడ్డు కనపడదు. డిమ్‌లోనే పోవాలి.

కొమ్మాది_కుర్రాడు
సారీ మాస్టారూ. జోక్‌కి రాశాను.

లెక్కల_మనిషి
వానాకాలం మాట. చావులమదుం వంతెన కింద వాన పడితే నీళ్లు నిలవడం ఊరందరికీ తెలుసు, కొత్తవాళ్లకి తెలియదు. లోతు తెలియని నీళ్లలోకి దిగే ముందు ఆగి, మీకంటే ముందు పోయే ఆటోనో బైకునో చూడండి. బైకు సైలెన్సర్ మునిగిందంటే మీరు దిగకండి. దిగాల్సే వస్తే ఫస్ట్ గేర్‌లో మెల్లగా, ఆగకుండా. మధ్యలో ఆగిపోతే తాళం తిప్పకండి, నలుగురిని పిలిచి తోయించుకోండి. అవతలికి వచ్చాక బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే బండి చెట్ల కింద, హోర్డింగుల కింద, పాత ప్రహరీ గోడ పక్కన వదలకండి.

తిరిగొచ్చిన_పక్షి
హైవే మీద ఏదైనా అయితే 1033, ఎక్కడైనా 112, అంబులెన్స్‌కి 108. ఫోన్‌లో పెట్టుకోవడమే కాదు, మీవారికి కూడా నేర్పండి, ఆయన పక్క సీట్లో ఖాళీగానే ఉంటారు కదా. ఆయన్ని ఎడమ అద్దం చూసే పనిలో పెట్టండి. "మెల్లగా" అనే బదులు "ఎడమ పక్క బైకుంది" అంటే మీకు పనికొస్తుంది.

మధురవాడ_కొత్తబండి
హహ, ఈ సలహా ఇంట్లో హిట్. ఆదివారం ఐటీ హిల్స్‌కి వెళ్లాం. హ్యాండ్‌బ్రేక్ పద్ధతి పట్టుబడింది, ఇంకా భుజం నొప్పి పుడుతోంది. మావారు బైకులతో పాటు ఎడమ పక్క కుక్కల్నీ మేకల్నీ కూడా చెప్తున్నారు.

చివరిగా ఒకటి. ఆషాఢ పౌర్ణమికి అత్తగారు వాళ్లు వస్తామంటున్నారు, స్టేషన్ నుంచి నేనే కారులో తీసుకొస్తానన్నాను. అప్పటికి చేయి తిరుగుతుందంటారా?

ద్వారకానగర్_నాలుగో_లైను
చేయి తిరుగుతుందండీ, రోడ్డే తిరగనివ్వదు. అది సింహాచలం గిరి ప్రదక్షిణ. ముందురోజు మధ్యాహ్నం నుంచే జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, వెంకోజీపాలెం, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం, అంతా మనుషులే. ట్రాఫిక్ మళ్లిస్తారు. మీరు స్టేషన్ నుంచి మధురవాడ వెళ్లే దారి సరిగ్గా ఆ మధ్యలోంచే పోతుంది.

వాళ్లని రెండు రోజుల ముందే రమ్మనండి. లేదంటే రైలు విజయనగరం మీదుగా పోయేదైతే అక్కడ దిగమనండి, ఆనందపురం వైపు నుంచి మీ ఇంటికి రావచ్చు, ఊళ్లోకి దిగే పని ఉండదు. పోలీసులు ఏ రోడ్లు మూస్తారో ముందురోజు పేపర్లో వేస్తారు, అది చూసుకుని బయల్దేరండి.

మధురవాడ_కొత్తబండి
విజయనగరంలో ఆగే రైలే. ఇప్పుడే ఫోన్ చేసి టికెట్ అక్కడి వరకు పొడిగించమన్నాను. ఆనందపురం నుంచి విజయనగరం రోడ్డు ఎలా ఉంటుంది, రాత్రిపూట లారీలు ఎక్కువా?

గాజువాక_పద్దెనిమిది_చక్రాలు
లారీలు ఉంటాయి. చీకటి పడకముందే దిగే రైలు చూడమనండి. ఎదురు లైటు కళ్లలో కొడితే దాని వైపు చూడకుండా, రోడ్డుకి ఎడమ అంచున ఉండే తెల్ల గీత మీద చూపు పెట్టి పోండి.